నాలుగు వేళ్ళ మడత

కోసిగి,
9 జనవరి 1953.

మార్తక్కకు చెల్లెలు విశ్వాసమ్మ ప్రభువు పేరట వందనాలు.

నువ్వు కడప నుంచి పంపిన పార్సిలు పండుగ దాటిపోయాక అందింది. ఆలస్యమైనా నష్టం లేదు, మా సమూయేలమ్మకు గౌను వచ్చిన రోజే క్రిస్మస్. నీలం బట్ట, మెడకు తెల్ల అంచు, పెరిగితే విప్పుకోవడానికి కింద నాలుగు వేళ్ళ మడత. బోర్డింగు పిల్లలందరికీ వండి వార్చే చేతులతో ఇంత సన్నటి కుట్టు ఎప్పుడు కుట్టావో. అది తొడుక్కొని పేటంతా తిరిగి, పక్కింటి బీబమ్మ వాళ్ళ మేకకు కూడా చూపించి వచ్చింది.

ఇక్కడి సంగతులు ఏం రాయను. ఈ ఏడు కూడా వాన మొహం చాటేసింది. వంకలో చెలమ తీసి, నీళ్ళు ఊరేదాకా గట్టు మీద కూర్చొని, చెంబుతో తోడుకుంటున్నాం. నీ మరిది ఏసేపు కాలువ పనికి వెళ్ళాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో. నేనూ మా అత్త హంపమ్మా గంజి కేంద్రం దగ్గర వరుసలో నిలబడి గంజి తెచ్చుకుంటున్నాం. పొద్దున్నే తిరగలి ముందు కూర్చున్నప్పుడే నా ప్రార్థన. విసరడానికి గింజలు తక్కువ కాబట్టి ప్రార్థన కూడా తొందరగా అయిపోతోంది. ప్రభువు ఏమీ అనుకోడులే.

పిల్ల ఇంకా పాలు తాగుతోంది. అన్నం ముందు నేను ప్రార్థన చేయడం చూసి, తాను పాలకు వచ్చినప్పుడు కూడా కళ్ళు మూసుకొని ఏదో గొణుగుతుంది. తాగడం అయ్యాక మూతి తుడుచుకొని "ఆమెన్" అంటుంది. అత్త నవ్వలేక చచ్చింది. నవ్వాక నన్ను తిట్టింది. "మూడేండ్లు దాటిన పిల్లకు ఇంకా పాలేందే? యాపాకు నూరి పూసుకో, రెండు దినాల్లో మానుకుంటాది" అంటుంది. కరువులో ఈ పాలన్నా ఉండనీ అత్తా అన్నాను. "నీకే తిండి ల్యాదు, పాలు యాడనుంచి వస్తాండాయి" అంది. దేవుడిస్తాండాడు అని నోరు మూయించాను.

అక్కా, ఆదోని కోత పండుగనాడు గుడిలో నీ చెయ్యి పట్టుకొని నేనన్న మాట మరిచిపోలేదు. పెళ్ళై తొమ్మిదేళ్ళైనా కడుపు పండలేదని ఏడ్చి, బైబిల్లో హన్నాలాగే మొక్కుకున్నాను. ఒక బిడ్డనిస్తే, ఆమె సమూయేలును ఇచ్చినట్టే, పాలు మాన్పించగానే నీ మందిరానికి ఇచ్చేస్తాను, మా అక్క చేతిలో పెడతాను అన్నాను. కొడుకే పుడతాడని పేరు కూడా ముందే పెట్టుకున్నాను. ఆడపిల్ల పుడితే పేరుకు ఒక అమ్మను తగిలించాను. మందిరంలో విడిచిన కొడుకుకు హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టేది. నువ్వూ ఏటేటా ఒక గౌను కుట్టి పంపుతున్నావు. నాకు అర్థమవుతూనే ఉంది. ఇంతకంటే రాయలేను.

నీ చెల్లెలు,
విశ్వాసమ్మ.


కడప,
28 జనవరి 1953.

విశ్వాసీ, నా చిన్నదానా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆమెన్ సంగతి వంటింట్లో అందరికీ చెప్పాను. మా బోర్డింగు నడిపే దొరసాని గారికి కూడా చెప్పాను. ఆమె, తెలుగు సగమే అర్థమై, సగమే నవ్వింది.

నా మోకాళ్ళు చలికి పట్టేశాయి. పెద్ద గుండిగ దించేటప్పుడు ఇద్దరు పిల్లలు చెయ్యి వేస్తేగాని లేవడం లేదు. అయినా సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపూ ఏదో ఒకటి కుడుతూనే ఉంటాను. నువ్వు రాసింది నిజమే, ఆ గౌను కుడుతున్నప్పుడు నాకూ హన్నా గుర్తొచ్చింది. ఆ తల్లి కూడా ఎంత పెరిగాడో చూడకుండానే కొలత ఊహించుకొని కుట్టి ఉంటుంది గదా అనుకున్నాను. అందుకే మడత ఎక్కువ పెట్టాను.

ఆదోని మాట ఎత్తావు. ఆ రోజు నువ్వు ఏడ్చిన ఏడుపుకు నా చెయ్యి నలిగిపోయింది. ప్రభువు విన్నాడు, అంతే చాలు.

ఇక పాలు మాన్పించు తల్లీ. పిల్లకు కాదు, నీకోసం చెబుతున్నాను. కిందటిసారి చూసినప్పుడే నీ మెడ ఎముకలు కనిపించాయి. మాన్పించి, ఎండలు ముదరకముందే పిల్లను తీసుకొని రా. కోసిగిలో ఎక్కి గుంతకల్లులో బండి మారితే మా ఊళ్ళోనే దిగుతావు. నా మంచం పక్కన చిన్న మంచం ఒకటి వేయించాను. దాని మీద ఎవరూ పడుకోవడం లేదు. పిల్లను చూడాలని కళ్ళు కాయలు కాస్తున్నాయి.

మీ అత్తకు నా వందనాలు. హులిగెమ్మను తలుచుకోవడం కాస్త తగ్గించిందా, లేక బాప్తిస్మం బాప్తిస్మమే, అమ్మవారు అమ్మవారే అంటోందా?

ఎదురుచూస్తూ,
అక్క.


కోసిగి,
2 మార్చి 1953.

అక్కకు,

చిన్న మంచం సంగతి చదివాను.

పాలు మాన్పించలేదు. పిల్లకు పళ్ళు వస్తున్నాయి. అన్నీ వచ్చేశాయి గదా అంటావేమో, వెనకవి సరిగ్గా రాలేదు. పైగా ఈస్టరు ముందరి శ్రమల దినాలు మొదలయ్యాయి, ఈ రోజుల్లో పసిదాన్ని ఏడిపించడం మంచిది కాదు. ఆ తర్వాత ఎండలు. ఎండల్లో మాన్పిస్తే వేడి చేస్తుందని బీబమ్మ కూడా అంది.

ఇప్పుడు రావడం కుదరదు. గుడి కప్పు మీది బోదగడ్డి ఎగిరిపోయింది, ఆడవాళ్ళమే కప్పుకుంటున్నాం.

విశ్వాసమ్మ.


కడప,
17 మార్చి 1953.

విశ్వాసమ్మకు,

నీ ఉత్తరం పోస్టుకార్డులో కూడా సగమే నిండింది. ఒంట్లో బాగా లేదా? ఏసేపు దగ్గర నుంచి కబురు రాలేదా? నాతో చెప్పుకోకపోతే ఎవరితో చెప్పుకుంటావు?

కోసిగి వైపు నుంచి వచ్చినవాళ్ళు చెబుతున్నారు, పల్లెలకు పల్లెలు ఖాళీ అవుతున్నాయట. నాకు అన్నం సహించడం లేదు. ఇక్కడ మూడు పూటలా గుండిగలు దించుతూ, నా చెల్లెలు చెలమ దగ్గర చెంబు పట్టుకొని కూర్చుందని తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

దొరసాని గారితో మాట్లాడాను. మామూలుగా ఐదేళ్ళు నిండనిదే బోర్డింగులో తీసుకోరు. కరువు కాబట్టి ఈ ఏడు చిన్నపిల్లల్ని కూడా తీసుకుంటారట. సమూయేలమ్మ పేరు చెప్పాను, సరేనన్నారు. కరువు తీరేదాకా నా దగ్గర ఉంచు. కడుపునిండా తింటుంది, నీకూ ఒక నోరు తగ్గుతుంది. నేను కళ్ళలో పెట్టుకొని చూసుకుంటాను.

ఆలోచించి రాయి. పళ్ళ సంగతి మాత్రం నాకు చెప్పకు, ఈ బోర్డింగులో పిల్లల పళ్ళన్నీ నా చేతుల మీదే వచ్చాయి, నా చేతుల మీదే ఊడాయి.

మార్తమ్మ.


కోసిగి,
14 ఏప్రిల్ 1953.

అక్కా,

ఒక నోరు తగ్గుతుంది అని రాశావు. ఆ నోరే గదా నాకు రోజుకు పదిసార్లు ఆమెన్ చెప్పేది.

ఇన్నాళ్ళూ చుట్టూ తిరిగాం, ఇక తిన్నగా మాట్లాడుకుందాం. నేను పాలు ఎందుకు మాన్పించలేదో నీకు తెలుసు. మాన్పించిన రోజున ఇచ్చేయాలి. మాన్పించకపోతే ఆ రోజు రాదు. మొక్కుకున్న నోటితోనే ఈ ఎత్తు వేశాను. దేవునికి తెలియదా అంటావు. తెలుసు. ప్రతి పొద్దునా తిరగలి ముందు కూర్చొని నేనే చెబుతున్నాను, ఇంకొన్నాళ్ళు ఆగు స్వామీ అని. ఆయన ఊరుకుంటున్నాడు. నువ్వే ఊరుకోవడం లేదు. గౌను పంపావు, మంచం వేయించావు, పేరు కూడా రాయించావు. అంగీ కుట్టింది సమూయేలును కన్న తల్లి అక్కా. నువ్వు కుడుతున్నావంటే దానికి తల్లి ఎవరనుకుంటున్నావు?

నీకు పిల్ల కావాలనిపిస్తే నాకు పిల్లనియ్యి అని అడుగు. వాక్యాన్ని అడ్డం పెట్టుకొని అడగొద్దు.

ధర్మశాస్త్రంలో, భార్య మొక్కుకున్న రోజే భర్త విని వద్దంటే ఆ మొక్కు చెల్లదని ఉంది. అది కూడా వెతుక్కున్నాను, అంత దిగజారాను. నీ మరిది ఆ రోజు విన్నాడు, మొహం తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాడు గాని వద్దనలేదు.

ఈ ఉత్తరానికి కోపం వస్తే రానీ. నాకు ఇంతకంటే మంచి మాటలు దొరకలేదు.

విశ్వాసమ్మ.


కడప,
3 మే 1953.

విశ్వాసమ్మకు,

నీ మొక్కు వసూలు చేయడానికి గౌను కుడుతున్నానని నాకు ఇప్పటిదాకా తెలియదు. నీ మాట చదివాకే తెలిసింది.

నా బిడ్డ దీనా ఎనిమిది నెలలకే పోయింది. నీకు అప్పుడు పరికిణీలు, గుర్తుండదు. దానికోసమని ముందే కుట్టిపెట్టుకున్న గౌన్లు నాలుగు ఉండిపోయాయి. ఆ తర్వాత మీ బావ కూడా పోయాక నేను ఈ వంటింట్లోకి వచ్చాను. ఇక్కడ అందరికీ ఒకే రకం బట్ట, ఒకే కొలత, దర్జీ వచ్చి కుట్టిపోతాడు. నేను నా చేతులతో కుట్టడానికి ఈ భూమ్మీద ఉన్నది ఒక్క పిల్ల. అందుకు కుట్టాను.

ఈ క్రిస్మస్‌కు కుట్టనులే. నువ్వు భయం లేకుండా ఉండు. మంచం తీయించేశాను.

దేవుడు మీ అందరినీ చల్లగా చూడాలి.

మార్తమ్మ.


కోసిగి,
20 నవంబరు 1953.

అక్కకు వందనాలు.

ఆరు నెలలు నీకు ఉత్తరం రాయలేదు. చాలాసార్లు మొదలుపెట్టాను, దీనా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. నన్ను క్షమించు. ఆ పేరు నాకు గుర్తుంది. అమ్మ ఒడిలో పెట్టుకొని ఊపుతుంటే చూశాను.

దసరా ముందు వానలు పడ్డాయి. వానతో పాటే జ్వరాలు వచ్చాయి. పిల్లకు పట్టింది. గంజి తాగదు, మేకపాలు పోస్తే కక్కేస్తుంది. నా పాలు ఒక్కటే లోపల నిలిచాయి. కళ్ళు తెరవకుండానే వెతుక్కొని తాగేది, ఆమెన్ అనే ఓపిక కూడా లేదు. అత్త తల దగ్గర కూర్చొని, "మొక్కు తీర్చల్యాదు గదే, అందుకే అడుగుతాండాడు" అంది. బీబమ్మ ఆమె మీద గట్టిగా కేకలేసింది. "ఏం మాటలమ్మా అయి? ఇచ్చినోడు పిల్లను సంపి తీస్కుంటాడా? నోరు మూసుకొని ఇసురు" అని విసనకర్ర అత్త చేతిలో పెట్టింది. బీబమ్మ తన దువా తాను చేసింది, నేను నాది చేశాను. ఇద్దరం ఒకే దీపం దగ్గర కూర్చున్నాం.

నేను నేల మీద పడి చెప్పాను, బ్రతికించు స్వామీ, ఇక ఎత్తులు వేయను అని. మర్నాడు చెమట పట్టింది. వారానికి లేచి కూర్చొని జొన్నరొట్టె అడిగింది.

బీబమ్మ మాటే నిజం కావచ్చు, అత్త మాట అబద్ధం కావచ్చు. కానీ నేను మాట ఇచ్చాను అక్కా. అడిగినప్పుడల్లా ఇచ్చినవాడి దగ్గర ఎన్నిసార్లు మొహం దాచుకోను?

పాలు మాన్పించాను. వేపాకు నూరి పూసుకున్నాను. మూతి పెట్టి, మొహం అంతా ముడుచుకొని, నా వైపు చూసింది. ఏడవలేదు. "అమ్మా, నీకూ జరం వచ్చిండాదా?" అని అడిగింది. ఆ తర్వాత రోజూ పక్కన కూర్చొని చెయ్యి మాత్రం రొమ్ము మీద పెట్టుకొని పడుకుంటుంది.

నీ మరిదికి కాలువ దగ్గరికి కబురు పంపాను. "మొక్కు నీది, పిల్ల మనిద్దరిది. నేనేం జెప్పేది" అన్నాడట. వద్దని ఈసారి కూడా అనలేదు. ఆయన పండుగకు వస్తే నా కాళ్ళు కదలవు. అంతకంటే ముందే తీసుకొస్తాను. కర్నూలు రాజధాని అయిందనీ, కచేరీలన్నీ గుడారాల్లో పెట్టారనీ అందరూ అక్కడికి పోతున్నారు. కడప బండి ఖాళీగానే ఉంటుంది.

మంచం మళ్ళీ వేయించు.

విశ్వాసమ్మ.


కడప,
11 డిసెంబరు 1953.

విశ్వాసీ,

నేను నీకు మజ్జిగ కలిపి తెచ్చేలోపు వెళ్ళిపోయావు. గేటు దగ్గర చూస్తే లేవు. ఆ గ్లాసు పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో. నీతో మాట్లాడాలని ఆరు నెలలుగా దాచుకున్నవన్నీ అలాగే ఉండిపోయాయి. మీ అక్క ముఖం అయినా సరిగ్గా చూశావా?

పిల్ల బాగుంది. నువ్వు వెళ్ళినట్టు తెలిసి గేటు ఊచలు పట్టుకొని నిలబడింది. పిలిస్తే రాలేదు. నేను కూడా వెళ్ళి పక్కన నిలబడ్డాను. చీకటి పడ్డాక తనే నా కొంగు పట్టుకుంది. ఇప్పుడు నాతోనే తిరుగుతోంది, బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, ఏరినవి మళ్ళీ బియ్యంలోనే వేస్తోంది. పోయినేటి గౌనుకు మడత రెండు వేళ్ళు విప్పి తొడిగించి తెచ్చావు. నీ కుట్టు వంకరగా ఉంది, అయినా దాన్ని విప్పనివ్వదు.

అన్నం తింటోంది. ఒక్క సంగతే నాకు అంతుపట్టలేదు. అన్నాల బంతిలో పిల్లలంతా ప్రార్థన చేసి గట్టిగా ఆమెన్ అంటారు. ఇది మాత్రం నోరు బిగించుకొని కూర్చుంటుంది. దొరసాని గారు గడ్డం పట్టుకొని అడిగినా అనలేదు. నువ్వేమో అది ఆమెన్‌ల పుట్ట అని రాశావు.

నీతో అబద్ధం చెప్పను. నాకు సంతోషంగా ఉంది. దీనా పోయాక నా కొంగు పట్టుకొని ఎవరూ పడుకోలేదు. ఈ సంతోషం నీ కడుపుకోతలోంచి వచ్చిందని తెలిసినా సంతోషంగానే ఉంది. ప్రభువు నన్ను ఏమంటాడో.

అక్క.


కోసిగి,
29 డిసెంబరు 1953.

అక్కా,

మజ్జిగ కోసం ఆగితే నేను లేచేదాన్ని కాదు. అందుకే వెళ్ళిపోయాను.

వేపాకుతో పిల్ల మానుకుంది గాని పాలు మానలేదు. గుంతకల్లులో బండి మారేటప్పుడు ఎవరో పసిబిడ్డ ఏడ్చింది, నా రవిక మొత్తం తడిసిపోయింది. కొంగు కప్పుకొని కోసిగి దాకా కూర్చున్నాను. ఇంటికొచ్చాక రొమ్ములు రాళ్ళయ్యాయి, చలిజ్వరం వచ్చింది. అత్త ఆదోని సంతకు మనిషిని పంపి కాగడా మల్లెపూలు తెప్పించి రొమ్ములకు కట్టింది, కడితే పాలు ఇంకిపోతాయని. పెళ్ళిలో కూడా నేను అన్ని పూలు పెట్టుకోలేదు. "మొక్కు తీర్చమని నేనే అంటి, ఇంత సెడ్డదా నేను" అని కడుతూ కడుతూ ఏడ్చింది.

నీ మరిది పండుగకు వచ్చాడు. పిల్లకు కాలువ దగ్గర నుంచి రంగురాళ్ళు ఏరుకొచ్చాడు. వాటిని గూట్లో పెట్టి గడప మీద కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. గుడిలో పిల్లలంతా పాటలు పాడుతుంటే మేమిద్దరం వెనక గోడ దగ్గర కూర్చున్నాం.

ఆమెన్ సంగతి అడిగావు. దానికి ఆమెన్ అంటే ప్రార్థన అయిపోయిందని కాదక్కా. అమ్మ పాలతో కడుపు నిండిందని. పాలు లేవు గదా, ఏ నోటితో అంటుంది?

నేను మాట నిలబెట్టుకున్నాను. మనసు నెమ్మదిస్తుందనుకున్నాను. నెమ్మదించలేదు. తిరగలి ముందు కూర్చుంటే ప్రార్థన రావడం లేదు, పక్కన వినేవాళ్ళు లేరు. ఇచ్చాను గదా స్వామీ, ఏదో ఒకటి మాట్లాడు అంటున్నాను. ఏమీ వినిపించదు, తిరగలి చప్పుడే.

నేను మళ్ళీ రాస్తే, పిల్లను పంపమని అడిగినా అడుగుతాను. అప్పుడు నా మాట వినొద్దు. హన్నా తిరిగి అడగలేదు.

విశ్వాసమ్మ.


కడప,
16 జనవరి 1954.

నా బంగారు చెల్లెలికి,

నువ్వు అడగలేదు. కాబట్టి నీ మాట నేను జవదాటినట్టు కాదు. ఈ ఉత్తరం చివరిదాకా నిదానంగా చదువు.

ఇక్కడ మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలంతా కాసేపు పడుకుంటారు. పోయిన సోమవారం నేను వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే నిద్రలోంచి "అమ్మా" అని పిలిచింది. తడి చేతులతోనే వెళ్ళి, "ఈడనే ఉండా తల్లీ" అన్నాను. కళ్ళు తెరిచి చూసి, "నువ్వు గాదు" అని అటు తిరిగి పడుకుంది. కోపంగా కాదు, మర్యాదగానే చెప్పింది. మర్నాడు అదే వేళకు మళ్ళీ పిలిచింది. మళ్ళీ వెళ్ళాను. "నువ్వు గాదు, పోయి పండుకో" అంది. మోకాళ్ళ నొప్పి ఉందని నామీద జాలి.

ఆ మాటతో గిన్నెల దగ్గరికి తిరిగి వెళ్ళలేకపోయాను. మందిరంలో పడుకున్న సమూయేలును దేవుడు పిలిస్తే, ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకొని వాడు పరుగెత్తాడు గదా. నేను పిలవలేదు, పోయి పడుకో అన్నాడు ఏలీ. ఇక్కడ పిలిచేది పిల్ల, పరుగెత్తేది ముసలిదాన్ని. మూడోసారికి ఏలీకి అర్థమైంది, పిలుస్తున్నది ఎవరో. మూడో రోజు అది పిలిచినప్పుడు నేను లేవలేదు. గడపలోనే కూర్చొని విన్నాను. నాకూ అర్థమైంది.

నువ్వు ఆయన మాట వినిపించడం లేదని రాశావు. ఆయన నీతో మాట్లాడటం లేదు, నాతో మాట్లాడుతున్నాడు. మూడు రోజులు ఒకే మాట చెప్పాడు. నువ్వు కాదు అన్నాడు.

నీ మొక్కు ఏమిటి? పాలు మాన్పించాక దేవుని మందిరానికి ఇస్తాను, అక్క చేతిలో పెడతాను. మాన్పించావు. ఇచ్చావు. నా చేతిలో పెట్టావు. అది తీరిపోయింది, ఇక దాని పేరెత్తకు. ఇప్పుడు పిల్ల నా చేతిలో ఉంది. నా చేతిలో ఉన్నదాన్ని ఎక్కడ పెంచాలో ప్రభువును అడగాల్సింది నేను. అడిగాను. నీ తిరగలి పక్కన పెంచమన్నాడు. అక్కడ అది నీ ప్రార్థన వింటూ పెరిగింది, కళ్ళు మూసుకోవడం అక్కడే నేర్చుకుంది. బోద కప్పినా మట్టి గోడలైనా అది మందిరం కాదా?

నాకు పిల్ల కావాలని కుట్టానన్నావు. అప్పుడు అది నిజం కాదు. దాన్ని పక్కలో పడుకోబెట్టుకున్నాక నిజమైంది. ఈ ఉత్తరం రాసే ముందు రెండు రోజులు దాన్ని ఎలా ఉంచుకోవాలా అని కూడా ఆలోచించాను. నువ్వు వేసిన ఎత్తులకు తీసిపోనివే వేశాను. అందుకే తొందరగా బయలుదేరుతున్నాను.

వచ్చే శనివారం బండికి కోసిగి స్టేషనుకు రా. ఏసేపును కూడా రమ్మను.

మార్తమ్మ.


కోసిగి,
22 నవంబరు 1954.

మా అక్కకు, విశ్వాసమ్మ, ఏసేపు, సమూయేలమ్మ, మధ్యలో దూరి నా పేరు రాయలేదేమని అడుగుతున్న అత్త హంపమ్మ, అందరి వందనాలు.

మూడు ఉత్తరాలు రాస్తే ఒకదానికి జవాబిచ్చావు, అందులోనూ మోకాళ్ళ సంగతే. స్టేషనులో నువ్వు చేసింది నేను ఇంకా మరిచిపోలేదు. పిల్ల చెయ్యి నీ చేతిలోంచి నా చేతిలో పెట్టి, నీ మరిది నీకోసం సోడా పట్టుకొచ్చేలోపు ఆదోని వెళ్ళే ఒక సాహెబు గుర్రపు బండి ఎక్కి వెళ్ళిపోయావు. వెనక్కి తిరిగి చూస్తావని బండి మలుపు తిరిగేదాకా చూశాను. చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ ఏడు కొర్ర పండింది. నీ మరిది ఇంటిపట్టునే ఉన్నాడు. పిల్ల ఇంటికొచ్చిన రోజు సాయంత్రం నా ఒడిలో కూర్చొని, చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని, పాలు లేవని తెలిసే పెట్టుకుంది. ఆ తర్వాత మూతి తుడుచుకొని ఆమెన్ అంది. నేను తిరగలి ముందు కూర్చుంటే తనూ ఒక చెయ్యి పిడి మీద వేస్తుంది. ప్రార్థనలో ముందు నీ పేరు, ఆ తర్వాత బీబమ్మ మేక పేరు చెబుతుంది. మొన్న మధ్యాహ్నం నిద్రలో పిలిచింది, "పెద్దమ్మా" అని. నేను వెళ్ళాను. నన్ను చూసి, "నువ్వు గాదు" అంది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. మొక్కుకున్నది నేను కాబట్టి హన్నాను నేనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నేను ఇచ్చాను, నిజమే. భయపడి ఇచ్చాను. ప్రేమతో ఇచ్చింది నువ్వు. బిడ్డను తీసుకొచ్చి అప్పగించి ఖాళీ చేతులతో బండి ఎక్కింది నువ్వు. ఏటేటా చిన్న అంగీ కుట్టిందీ నువ్వే. అంగీ కుడుతున్నావు, దానికి తల్లి ఎవరనుకుంటున్నావు అని అడిగాను నిన్ను. ఆ మాట అన్న నోటితోనే చెబుతున్నాను, దానికి ఇద్దరు తల్లులు.

నీలం గౌను మడత మొత్తం విప్పేశాను. విప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు, మోకాళ్ళు బయటికి వచ్చాయి. కొత్తది కుడుతున్నావని నాకు తెలుసు, కుట్టనని ఒకప్పుడు రాసినా. కొలత పంపను. హన్నా ఆ అంగీని పోస్టులో పంపలేదక్కా, తానే పట్టుకెళ్ళి తొడిగి చూసుకునేది. ఈ ఏడు పార్సిలు వస్తే తీసుకోకుండా తిప్పి పంపమని పోస్టుమానుకు చెప్పి ఉంచాను.

నా మంచం పక్కన నీకు మంచం వేయించాను. దాని మీద ఎవరినీ పడుకోనివ్వడం లేదు. పండుగకు ముందు శనివారం నుంచి మేం ముగ్గురం ప్రతి బండికీ వస్తాం.

నీ చెల్లెలు,
విశ్వాసమ్మ.